23 ఏళ్లకే జనరల్, 36 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్: కస్టర్ హోదా తగ్గించారా?

1863లోనే జనరల్ అయిన అమెరికా సైనికాధికారి జార్జ్ కస్టర్‌ను, 1876లో అమెరికా ఆదివాసీలతో జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయేనాటికి లెఫ్టినెంట్ కల్నల్ అని ఎందుకు రాస్తారు, ఇది శిక్షా అని ఒకరు అడిగారు. కాదు. 1867లో కోర్టు మార్షల్ జరిగింది, ఏడాది సస్పెన్షన్ పడింది, ఆ కాలపు జీతమూ పోయింది. హోదా మాత్రం తగ్గలేదు.

అసలు సంగతి, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున రెండు సైన్యాలున్నాయి. ఒకటి శాశ్వతమైన రెగ్యులర్ ఆర్మీ. 1861 మొదట్లో సుమారు 16,000 మందే. రెండోది యుద్ధం కోసం రాష్ట్రాలు కట్టిన వాలంటీర్ సేన. అందులో కల్నల్ దాకా కమిషన్ (అధికారిగా నియామక పత్రం) ఇచ్చేది రాష్ట్ర గవర్నరు. జనరల్స్‌ను అధ్యక్షుడు నియమిస్తే సెనేట్ ఆమోదించాలి. రెగ్యులర్ అధికారి వాలంటీర్ సేనలో పెద్ద పదవికి వెళ్లినా సొంత హోదా రెగ్యులర్లో భద్రంగా ఉండేది. మన ఉద్యోగుల డెప్యుటేషన్, మాతృశాఖలో లీన్ గుర్తుచేసుకుంటే చాలు.

కస్టర్ 1863 జూన్ 29న వాలంటీర్ బ్రిగేడియర్ జనరల్ అయ్యేనాటికి రెగ్యులర్లో ఫస్ట్ లెఫ్టినెంట్. అక్కడ కెప్టెన్ అయింది 1864 మేలో. 1866 ఫిబ్రవరిలో వాలంటీర్ కొలువు ముగియగానే మళ్లీ కెప్టెన్. ఆ జులైలో కొత్తగా ఏర్పడిన 7వ కావల్రీలో (అశ్విక రెజిమెంట్) లెఫ్టినెంట్ కల్నల్ ఇచ్చారు. మేజర్ మెట్టు దాటించి ఇచ్చిన ప్రమోషన్ అది!

దీనికి తోడు బ్రెవెట్. అది గౌరవ హోదా. మామూలుగా జీతమూ పెరగదు, అధికారమూ రాదు. రికార్డులో 1865 మార్చి 13 తేదీతో 'జనరల్' కనిపిస్తే ముందు బ్రెవెట్టేమో చూడండి. వందల మందికి ఆ ఒక్క తేదీతోనే ఇచ్చారు.

వాలంటీర్ల రికార్డుల్లో ఇంకో చిక్కుంది: కమిషన్ తేదీ వేరు, మస్టర్ (ఫెడరల్ కొలువులో ఆ హోదాతో అధికారికంగా చేర్చుకోవడం) తేదీ వేరు. గవర్నరు కల్నల్ కమిషన్ పంపినా, రెజిమెంట్‌లో కనీస బలం లేకపోతే ఫెడరల్ మస్టరింగ్ అధికారి ఆ హోదాలో చేర్చుకోడు. పదాతి కంపెనీకి 83 నుంచి 101 మంది, రెజిమెంట్‌కు పది కంపెనీలు ఉండాలి. యుద్ధం మధ్యకొచ్చేసరికి పాత రెజిమెంట్లు రెండు మూడు వందలకు పడిపోయాయి. అప్పుడు రెజిమెంట్‌ను నడిపించినవాడు కల్నల్ కమిషన్ చేతిలో ఉండీ లెఫ్టినెంట్ కల్నల్ జీతమే తీసుకున్నాడు. జీతం, హోదా తేల్చాలంటే మస్టర్ తేదీనే పట్టుకోండి.

పాతవాటిని నింపకపోవడానికి కారణం, కొత్త రెజిమెంట్ కడితే గవర్నరు చేతికి ముప్పైకి పైగా ఆఫీసర్ పోస్టులు వస్తాయి. విస్కాన్సిన్ మాత్రం పాతవాటికే రిక్రూట్లను పంపింది. ఆ రాష్ట్రపు రెజిమెంట్ ఒకటి మామూలు బ్రిగేడ్‌తో (కొన్ని రెజిమెంట్ల దళం) సమానమని ఉత్తరాది జనరల్ షెర్మన్ లెక్కగట్టాడు. నా దృష్టిలో ఉత్తరాది చేసిన పెద్ద తప్పుల్లో పాతవాటిని నింపకపోవడం ఒకటి. అనుభవం ఉన్న సార్జెంట్ల పక్కన నేర్చుకోవాల్సిన కుర్రాళ్లు, తమలాంటి కొత్త ఆఫీసర్ల కింద యుద్ధానికి వెళ్లారు.

చివరిగా, సమాన హోదాలో ఎవరు పెద్ద అన్నది హోదా తేదీతోనే తేలుతుంది. రాజకీయ నాయకుడైన బెంజమిన్ బట్లర్ మేజర్ జనరల్ తేదీ 1861 మే 16. గెటిస్‌బర్గ్ యుద్ధం గెలిచిన జనరల్ మీడ్‌ది 1862 నవంబరు. అందుకే పీటర్స్‌బర్గ్ ముట్టడిలో ఉత్తరాది ప్రధాన సేనాని గ్రాంట్ ఎటైనా వెళ్తే అక్కడి సేనలన్నీ మీడ్‌కు కాక బట్లర్ చేతికి వెళ్లే పరిస్థితి. 1865 జనవరిలో బట్లర్‌ను తప్పించమని కోరుతూ గ్రాంట్ రాసిన ఉత్తరంలో ఆ కారణం స్పష్టంగా ఉంది.