నిరుద్యోగ బీమా చందా: కట్టేది యజమాని, మోసేది ఎవరు?

ప్రశ్న: అమెరికాలో నిరుద్యోగ బీమా చందాను దాదాపు పూర్తిగా యజమానులే కడతారని చదివాను. అంటే ఉద్యోగిపై భారం లేనట్టేనా? ఈ చందా వల్ల ఉద్యోగాలు తగ్గుతాయన్న వాదనలో నిజమెంత?

జవాబు: అక్కడ ఉద్యోగి జీతంలోంచి కూడా చందా కోసే రాష్ట్రాలు అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మూడే. అయినా డబ్బు కట్టేది ఎవరో తెలిసినంత మాత్రాన భారం ఎవరిదో తేలదు. ఒక రంగంలోని సంస్థలన్నిటికీ చందా ఒకేలా పెరిగితే, యజమానులు దాన్ని జీతాల ఖర్చులోనే కలిపి లెక్క వేసుకుంటారు కాబట్టి, రావలసిన జీతాల పెంపు క్రమంగా ఆ మేరకు తగ్గుతుంది. ఒక్క సంస్థకే పెరిగితే మాత్రం, జీతం తగ్గిస్తే మనుషులు పక్క సంస్థకు వెళ్ళిపోతారు గనుక, ఆ తేడాను తానే భరించాలి, లేదా కొత్త నియామకాలు తగ్గించుకోవాలి. 1980ల మధ్యలో వాషింగ్టన్ రాష్ట్ర చందా విధానంలో వచ్చిన మార్పును పరిశీలించిన ఆర్థికవేత్తలు ప్యాట్రీషియా ఆండర్సన్, బ్రూస్ మేయర్‌లకు కనిపించిన తేడా కూడా దాదాపు ఇదే.

ఉద్యోగాల సంగతికి వస్తే, రేటు కన్నా ఆ రేటు జీతంలో ఎంత భాగానికి వర్తిస్తుందన్నది ముఖ్యమని నా అభిప్రాయం. యజమాని రాష్ట్రానికి ఒక చందా, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వానికి మరో చందా కడతాడు. ఫెడరల్ చందా ఏడాది జీతంలో మొదటి 7,000 డాలర్లకే వర్తిస్తుంది. 1983 నుంచి ఈ పరిమితి మారలేదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ చందాకూ ఇదే పరిమితి పెట్టుకున్నాయి. రాష్ట్ర రేటు 4 శాతం అనుకుందాం. ఏడాదికి 70,000 డాలర్లు తీసుకునే ఇంజనీరుకైనా, 14,000 తీసుకునే పార్ట్‌టైమ్ ఉద్యోగికైనా యజమాని కట్టేది 280 డాలర్లే. మొదటివారి విషయంలో అది జీతంలో 0.4 శాతం, రెండోవారి విషయంలో 2 శాతం. ఒకరు చేసే పనిని ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్ళకు పంచితే చందా రెట్టింపవుతుంది. అంటే చిన్న జీతాల వాళ్ళను తీసుకోవడానికే యజమాని ఎక్కువ వెనకాడతాడు.

ఇక ‘ఎక్స్‌పీరియన్స్ రేటింగ్’. సంస్థ తొలగించినవారు ఎంత ఎక్కువ భృతి తీసుకుంటే, తర్వాతి సంవత్సరాల్లో ఆ సంస్థ చందా రేటు అంత పెరుగుతుంది. తొలగింపుకు ధర కట్టే ఈ ఆలోచన మంచిదే, కానీ రేటుకు గరిష్ఠ పరిమితి ఉంది. ఏటా చలికాలంలో పని ఆపేసే రోడ్ల కాంట్రాక్టరు ఒకసారి ఆ పరిమితిని చేరాక, ఇంకో పదిమందిని ఇంటికి పంపినా అతని చందా ఒక్క డాలరు పెరగదు. ఆ భృతి భారం ఏడాది పొడవునా పని ఇచ్చే సంస్థలపై పడుతుంది. ఆర్థికవేత్త మార్టిన్ ఫెల్డ్‌స్టీన్ 1970లలో ఎత్తిచూపింది ఈ లొసుగునే. రేటు పెరుగుతుందన్న భయంతో అర్హులైనవారి క్లెయిములకు కూడా యజమానులు అడ్డుచెప్పడం దీనికి మరో వైపు. చాలా ఐరోపా దేశాల్లో తొలగింపులకూ చందా రేటుకూ ఇలాంటి ముడి లేదు. ఫ్రాన్స్ మాత్రం 2022 సెప్టెంబరు నుంచి కొన్ని రంగాల్లో దీన్ని అమలు చేస్తోంది.

అసలు చిక్కు సమయంతో వస్తుంది. మాంద్యంలో తొలగించినందుకు పెరిగే చందా, మాంద్యం పోయి మళ్ళీ నియామకాలు మొదలుపెట్టాల్సిన వేళకు నెత్తిన పడుతుంది. భృతి చెల్లించే రాష్ట్ర నిధి ఖాళీ అయి, ఫెడరల్ ప్రభుత్వం నుంచి తెచ్చిన అప్పును రాష్ట్రం తీర్చకుండా ఉండిపోతే, ఒక్కొక్క ఉద్యోగికి మామూలుగా కట్టే 42 డాలర్ల ఫెడరల్ చందా మొదట 63కు, ఆపైన ఏటా కనీసం మరో 21 డాలర్ల చొప్పున పెరుగుతుంది. అప్పటిదాకా ఒక్కరినీ తొలగించని సంస్థ కూడా అంతే కట్టాలి.