స్టీమ్ చూపించేది ఒక్క దారి లెక్కే

ప్రశ్న: గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెడదామనుకుంటున్నా. పీసీ ఆటల స్టోర్ స్టీమ్ లెక్కలు చూపించే స్టీమ్‌డీబీ సైట్‌లో చూస్తే ఆడేవాళ్లు కొన్ని వేల మందే కనిపిస్తున్నారు. ‘ఆట పని అయిపోయింది, టైమ్ వేస్ట్’ అంటున్నారు ఫ్రెండ్స్. ఆ అంకెను నమ్మొచ్చా?

జవాబు: అంకె నిజమైనదే. దాన్ని మొత్తం ఆటగాళ్ల సంఖ్య అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. స్టీమ్ నుంచి ఆట తెరిచి, ఆ క్షణంలో ఆడుతున్న ఖాతాలను స్టీమ్ లెక్కపెడుతుంది. స్టీమ్‌డీబీ ఆ లెక్కనే తీసుకుని గ్రాఫ్ గీస్తుంది. కంపెనీ సొంత లాంచర్‌లోంచి, అంటే ఆట తెరిచే దాని సొంత ప్రోగ్రామ్‌లోంచి వచ్చినవాళ్లు అందులో ఉండరు.

గిల్డ్ వార్స్ 2 విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఆట 2012 ఆగస్టులో విడుదలైతే, స్టీమ్‌లోకి వచ్చింది 2022 ఆగస్టులో. మధ్యలో పదేళ్లపాటు చేరినవాళ్లందరివీ ఆట తయారుచేసిన ఎరీనానెట్ కంపెనీ ఖాతాలే. వాటిని స్టీమ్ ఖాతాలుగా మార్చుకునే వీల్లేదు. స్టీమ్‌లో ప్రాపర్టీస్ తెరిచి, జనరల్ కింద ఉండే లాంచ్ ఆప్షన్స్ గడిలో -provider Portal అని టైప్ చేస్తే పాత ఖాతాతోనూ స్టీమ్ నుంచి ఆడొచ్చు. అలా ఆడేవాళ్లు మాత్రం లెక్కలోకి వస్తారు. ఆ పని చేయని పాతకాపులెవరూ మీరు చూసిన గ్రాఫ్‌లో లేరు.

కార్లతో ఫుట్‌బాల్ ఆడే రాకెట్ లీగ్‌ది దీనికి పూర్తిగా రివర్స్. 2020 సెప్టెంబరులో ఉచితం చేసినప్పుడు దాన్ని స్టీమ్ స్టోర్ నుంచి తీసేశారు. అంతకుముందే కొన్నవాళ్లు స్టీమ్‌లో ఆడుకోవచ్చు. పీసీలో కొత్తగా చేరాలంటే ఎపిక్ గేమ్స్ కంపెనీ స్టోర్‌కే వెళ్లాలి. కొత్తవాళ్లు రాని చోట ఎన్నాళ్లకైనా గీత కిందికే దిగుతుంది, ఆట ఎంత బాగా నడుస్తున్నా సరే. కాబట్టి అంకె చూసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ దారిలో ఎవరు రాగలరు, ఎవరు రాలేరు?

స్టీమ్ అంకెను 3తోనో 5తోనో గుణించి ‘మొత్తం ఇంత’ అని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆ గుణకం ఆటకో రకంగా ఉంటుంది, ఒకే ఆటలో కూడా కాలాన్ని బట్టి మారుతుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, ఎపిక్ ఇలా ఆటల వారీగా లైవ్ లెక్కలు బయటపెట్టవు కనుక దాన్ని సరిచూసుకునే దారీ లేదు.

ఇంకో మెలిక ఉంది. అక్కడ కనిపించేది ఒకే సమయంలో ఆడుతున్నవాళ్ల సంఖ్య, రోజు మొత్తంలో వచ్చినవాళ్లది కాదు. ఉదాహరణకు 24 గంటల సగటు 5,000 అనుకోండి. అంటే రోజుకు 1,20,000 ఆట గంటలు. ఒక్కొక్కరు రోజుకు 2 గంటలు ఆడితే వచ్చినవాళ్లు 60,000 మంది. ఈ లెక్కకు సగటునే తీసుకోవాలి, పీక్ (రోజులో అత్యధిక సంఖ్య) తీసుకుంటే ఫలితం ఉబ్బిపోతుంది. అసలు అంకే ఉబ్బిన సందర్భాలూ ఉన్నాయి. 2024లో బనానా అనే క్లిక్కర్ గేమ్ స్టీమ్‌లో 8 లక్షలు దాటింది. అమ్ముకోగలిగే ఐటమ్స్ కోసం నడిపిన బాట్‌లదే (మనుషులకు బదులు ఆడే ప్రోగ్రామ్‌లదే) అందులో పెద్ద వాటా.

మరి ఈ గ్రాఫ్ ఎందుకు పనికొస్తుంది? ఒక ఆటను దాని గతంతోనే పోల్చడానికి. నెల సగటును కిందటేడు అదే నెల సగటుతో చూడండి. ఆ మధ్యలో కొత్త స్టోర్‌లోకి రావడం, ఉచితం కావడం, విస్తరణ (విడిగా కొనే అదనపు భాగం) విడుదల లాంటివి జరిగితే పోలిక చెల్లదు. మన బుధవారం తెల్లవారుజామున కనిపించే గుంటను కూడా పట్టించుకోకండి, అది స్టీమ్ వారానికోసారి చేసే మెయింటెనెన్స్.

మీ విషయానికొస్తే, స్వయంగా చూసి తేల్చుకోవడమే మేలు. మూల ఆట ఉచితం. యూరప్ సర్వర్ ఎంచుకుని మానవ జాతి పాత్రతో మొదలుపెట్టండి. రాత్రి 9.10కల్లా క్వీన్స్‌డేల్ మ్యాప్‌లోని చిత్తడినేలకు చేరుకోండి. షాడో బెహెమత్ అనే వరల్డ్ బాస్ (అందరూ కలిసి ఎదుర్కొనే భారీ శత్రువు) 9.15కి వస్తుంది, ఆ తర్వాత ప్రతి 2 గంటలకూ. చుట్టూ ఎంతమంది చేరారో కళ్లారా చూడొచ్చు. ఖాతా తెరిచే ముందే ఒకటి నిర్ణయించుకోండి: స్టీమ్‌లో మొదలుపెడితే విస్తరణలు కూడా స్టీమ్‌లోనే కొనాలి, తర్వాత మార్చుకోలేరు.

ప్రశ్న: ప్లే స్టోర్‌లో ఒక గేమ్‌కు కోట్లలో డౌన్‌లోడ్‌లు ఉంటే ఇప్పుడూ అంతమంది ఆడుతున్నట్టేనా?

జవాబు: కాదు. అది మొదటి రోజు నుంచి పోగైన ఇన్‌స్టాల్స్ మొత్తం. ఆట తీసేసినవాళ్లూ అందులోనే ఉంటారు కనుక అది పెరగడమే తప్ప తగ్గదు. మ్యాచ్ వెంటనే దొరికితే జనం ఉన్నట్టేననీ అనుకోకండి. బీజీఎంఐ లాంటి ఆటల్లో కింది ర్యాంకుల ఖాళీలను బాట్‌లతో నింపుతారు. పై ర్యాంకుల్లో, స్క్వాడ్ మోడ్‌లో, మీరు ఆడే వేళకు మ్యాచ్ ఎంతసేపట్లో దొరుకుతుందో చూడండి.