పైన్ మొక్కలు ఊదారంగుకి తిరిగాయా? వ్యామ్ వేస్తే లాభం లేదు, పైన్ చెట్టు కింది మట్టి కావాలి

ప్రశ్న: మాది అనంతగిరి మండలం, కాఫీ తోట ఉంది. హద్దు వెంబడి పైన్ చెట్లు వేద్దామని ఉత్తరాఖండ్ నుంచి చిర్ పైన్ విత్తనాలు తెప్పించి, కవర్లలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పెట్టాను. మొలక బాగానే వచ్చింది గానీ నాలుగో నెల నుంచి ఎదుగుదల లేదు, ఆకులు ఊదారంగుకి తిరుగుతున్నాయి, కొన్ని పసుపు. డీఏపీ నీళ్లు పోశాను, యూరియా వేశాను, కాఫీకి వాడే వ్యామ్ (వేళ్లకి మేలు చేసే బూజు ప్యాకెట్) కూడా వేశాను, ఏం తేడా లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు డీఏపీ, యూరియా ఆపెయ్యండి. ఊదారంగు అంటే భాస్వరం అందట్లేదని, భాస్వరం ఉన్న డీఏపీ పోశారంటే ఆ అనుమానం మీకు సరిగ్గానే వచ్చింది, కానీ ఇక్కడ లోటు ఎరువుది కాదండి, వేరుకి తోడు లేదు. పైన్ జాతి వేళ్లకి ఒక రకం బూజు పట్టి ఉండాలి, వేరు, బూజు కలిసిన ఆ జోడీనే మైకోరైజా అంటాం, 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. విత్తనంతో పాటు ఈ బూజు రాదు. హిమాలయాల్లో ఐతే అడవి మట్టిలోనే ఉంటుంది కాబట్టి మొలక రాగానే వేరుని పట్టుకుంటుంది, మీ కవర్లోని మట్టికి మాత్రం పైన్ వేరు ఎలా ఉంటుందో కూడా తెలీదు. మొదట్లో గింజలో ఉన్న తిండితో మొక్క లేచింది, అది అయిపోగానే ఆగిపోయింది.

మరి వ్యామ్ ఎందుకు పనిచెయ్యలేదంటే, అదీ వేళ్లకి పట్టే బూజే కానీ దాని రకం వేరే. కాఫీకి, మిరియానికి, కడియం నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని అమ్మే అరౌకేరియాకి, థూజాకి అది సరిపోతుంది. పైన్‌కి, దేవదారుకి అది పనికిరాదు, వీటికి కావాల్సిన బూజు వేరు పైన తొడుగులా పట్టి, కణాల సందుల్లోకి వల అల్లుకుంటుంది. షాపులో అడిగితే అన్నిటికీ ఒకటే ప్యాకెట్ ఇస్తారు, అక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ బూజు చేసే పని చిన్నది కాదు. మీ ఏజెన్సీ ఎర్రనేలల్లో ఆమ్ల గుణం ఎక్కువ, భాస్వరం వేసినా ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి, పైగా భాస్వరం మట్టిలో దాదాపు కదలదు, వేరు తన చుట్టూ ఒకట్రెండు మిల్లీమీటర్లలో ఉన్నది లాగేస్తే ఇంక ఖాళీ. బూజు దారాలు వేరు కన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉండి సెంటీమీటర్ల దూరం పోతాయి, ఆమ్లాలు వదిలి బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించి తెస్తాయి, ఎండలో నీళ్లు మోసుకొస్తాయి, వేరుకి హాని చేసే అల్యూమినియంని చాలావరకు తొడుగులోనే ఆపేస్తాయి, వేరుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలకి కూడా అడ్డం పడతాయి. బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. కరీబియన్ దీవి పోర్టోరికోలో ఏళ్ల తరబడి పైన్ నాటితే చచ్చిపోతూ వచ్చింది, 1955లో అమెరికా నార్త్ కరోలినా నుంచి పైన్ కింది మట్టి తెచ్చి వేశాకే మొక్క నిలబడింది.

మీరు అంత దూరం పోనక్కర్లేదు, అరకు దగ్గర పైన్ తోటలు ఉన్నాయి కదా. అటవీ సిబ్బందిని అడిగి, పర్మిషన్ తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చెట్ల కింద రాలిన సూదాకులు పక్కకి తోసి, ఐదు నుంచి పది సెంటీమీటర్ల లోతు వరకు సన్న వేళ్లతో సహా మట్టి తియ్యండి. ఎండిన చెట్టు, జిగురు కారుతున్న చెట్టు దగ్గర మాత్రం వద్దు, రోగం కూడా వెంట వస్తుంది. తడి గోనెసంచిలో నీడలో తెచ్చి రెండు మూడు రోజుల్లోనే వాడెయ్యాలి, ఎండబెడితే వృథా. కొత్తగా కవర్లు నింపేటప్పుడు పది పాళ్లకి ఒక పాలు కలపండి, ఇప్పుడున్న మొక్కలకి పుల్లతో వేరు పక్కన రెండు మూడు గుంతలు చేసి గుప్పెడు నింపి నీళ్లు పెట్టండి. నీలగిరి చెట్ల కింద కూడా పుట్టగొడుగులు లేస్తాయి కదా ఆ మట్టి వెయ్యొచ్చా అంటారేమో, ఆ రకాలు పైన్‌కి సరిగా పట్టవు, వద్దు.

తర్వాత రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. కవర్లో నీళ్లు నిలవకూడదు, బూజుకి గాలి కావాలి. సున్నం వెయ్యకండి. కాఫీకి వాడే ప్రొపికొనజోల్ లాంటి మందులు ఈ కవర్ల దరిదాపుల్లోకి రానివ్వొద్దు, అవి మంచి బూజునీ చంపుతాయి. ఒక మొక్క పీకి నీళ్లలో మెల్లిగా కడిగి భూతద్దంతో చూడండి, పొట్టి వేళ్లు వై ఆకారంలో చీలి, మొద్దుగా, తెల్లగానో గోధుమ రంగులోనో తొడుగు కనపడితే పట్టినట్టే. అది కనపడేదాకా పొలంలో నాటకండి, నాటేటప్పుడు కూడా మట్టిగడ్డ చెదరకుండా కవర్ కోసి దించండి, వేళ్లు దులిపారంటే పట్టిన బూజు అక్కడే ఊడిపోతుంది.