బస్సు ఎక్కడిదాకా వచ్చింది?

ప్రశ్న: మా స్కూలుకు ఆరు బస్సులు. పొద్దున ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, తల్లిదండ్రులు డ్రైవర్‌కే ఫోన్ చేస్తున్నారు. వాట్సాప్ గ్రూప్ పెడితే గుడ్‌మార్నింగ్‌ల మధ్య అసలు కబురు కనబడకుండా పోతోంది. యాప్ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. మార్గం చెప్పండి.
– ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి, కోదాడ

జవాబు: ముందుగా డ్రైవర్ నంబరును తల్లిదండ్రులకు ఇవ్వడం మానేయండి. స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తడమంటే బస్సులోని పిల్లలందరి ప్రాణాల మీదికి తేవడమే. బస్సుకొక మామూలు స్మార్ట్‌ఫోన్ స్కూలు తరఫున కొని ఆయా చేతికివ్వండి. చార్జర్ కొనేముందు బస్సు బ్యాటరీ 12 వోల్టులదా, 24 వోల్టులదా చూసుకోండి.

రూటుకొక గ్రూప్ పెట్టి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్టింగ్ మార్చండి. ఆయాను అడ్మిన్ చేయండి. బస్సు కదలగానే ఆమె లైవ్ లొకేషన్ పెట్టాలి. అందులో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే ఉంటాయి. గంట పెడితే పెద్ద రూట్లలో మధ్యలోనే ఆగిపోతుంది. 8 గంటలు పెట్టి, స్కూలు చేరగానే ఆపేయమనండి. ఆపడం మరిచి ఫోన్ ఇంటికి తీసుకెళ్తే ఆమె ఇల్లెక్కడో గ్రూపంతటికీ తెలుస్తుంది. మ్యాప్‌లో బస్సు బొమ్మ కదలడం లేదంటే చాలాసార్లు కారణం ఫోన్‌లోని బ్యాటరీ సేవర్. వాట్సాప్‌కు దాన్ని తీసేయండి.

ఆలస్యం కబురు ఇలా ఉండాలి: "రూటు 3. పంక్చర్. 15 నిమిషాలు ఆలస్యం. మళ్లీ 7:40కి చెబుతాం." ఆ చివరి మాటే ముఖ్యం. మళ్లీ ఎప్పుడు చెబుతారో తెలిస్తేనే జనం ఫోన్ చేయకుండా ఆగుతారు. 7:40కి కొత్త సంగతి లేకున్నా ఆ మాటే పంపాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ఎస్సెమ్మెస్ తప్పదు. స్కూలు పేరుతో మూకుమ్మడిగా పంపాలంటే డీఎల్‌టీలో (మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లు పంపేవాళ్ల కోసం టెలికాం కంపెనీలు పెట్టిన నమోదు పోర్టల్‌లో) స్కూలునూ, మెసేజ్ నమూనానూ నమోదు చేయాలి. రూటు, కారణం, సమయం లాంటి మారే భాగాలను నమూనాలో ముందే చూపించండి. మిగతా మాటల్లో తేడా వస్తే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. ప్రమోషనల్ (ప్రకటనల) కింద నమోదు చేస్తే పొద్దున 10కి ముందు వెళ్లదు, కాబట్టి సర్వీస్ కిందే చేయించండి. తెలుగులో అయితే ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే, గుణింతాలూ వత్తులూ విడిగా లెక్కపడతాయి. 'బస్సు' అన్న మాటకే ఐదు పోతాయి. అందుకని కబురు పొట్టిగా రాయండి.

ప్రశ్న: మా పాప స్కూలు యాప్‌లో 'బస్సు దగ్గరికొచ్చింది' అని మోగి మేం గేటు దాటేలోపే బస్సు వెళ్లిపోతోంది. ఎందుకు?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: బస్సు లోపలికి రాగానే మోగేలా యాప్‌లో మీ స్టాపు చుట్టూ గీసిన వలయం చిన్నదై ఉంటుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 500 మీటర్లను ఒక్క నిమిషంలో దాటేస్తుంది. వలయం పెంచమంటే ఇంకో చిక్కు: పక్క రోడ్డులో, రైలు పట్టాల అవతల బస్సు వెళ్తున్నా మోగుతుంది. మీకంటే రెండు స్టాపుల ముందు బస్సు ఆగి కదిలినప్పుడు మోగేలా మార్చమని స్కూలువాళ్లను అడగండి.