సివిల్ చదివి కాంట్రాక్ట్స్ విభాగానికా?

ప్రశ్న: మాది కావలి. నేను చిన్న కాంట్రాక్టర్ని. సిమెంటు రోడ్లు, సైడు కాలువల పనులు చేయిస్తుంటాను. మా అమ్మాయి బీటెక్ సివిల్ పూర్తిచేసి ఏడాదిగా సైట్ ఇంజినీర్‌గా ఉంది. ఇప్పుడు అదే కంపెనీ వాళ్లు హైదరాబాద్ ఆఫీసులో కాంట్రాక్ట్స్ విభాగానికి రమ్మంటున్నారు. రిస్కు, లయబిలిటీ (నష్టమొస్తే బాధ్యత ఎవరిది) క్లాజులు చూడటమట. ఇంజినీరింగ్ చదివి గుమస్తా పనేంటని నా బాధ. తను వెళ్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇది గుమస్తా పని కాదండీ. మీకు తెలిసిన పనిలోనే చూడండి. టెండర్ వేసేటప్పుడు రేటు చూస్తారు, ఈఎండీ (టెండర్‌తో కట్టే ధరావతు) చూస్తారు, గడువు చూస్తారు. వెనకాల ఉండే షరతుల పేజీలు ఎంతమంది చదువుతున్నారు? బిల్లులో పట్టుకున్న సెక్యూరిటీ డిపాజిట్ (ఎఫ్‌ఎస్‌డీ) ఎప్పుడు తిరిగిస్తారు, ఆలస్యమైతే పెనాల్టీ ఎంత, అప్పగించాక పగుళ్లొస్తే ఎన్నాళ్లదాకా మన ఖర్చుతో బాగుచేయాలి, ఇవన్నీ ఉండేది అక్కడే. సంతకానికి ముందు వాటిని చదివి ఏ రిస్కు ఎవరు మోయాలో బేరమాడటం, పని నడిచేటప్పుడు కంపెనీ హక్కు పోకుండా లెటర్లు పెట్టడం మీ అమ్మాయి పని.

దోర్నాల దగ్గర వెలిగొండ సొరంగాలనే తీసుకోండి. ఒక్కోటి 18 కిలోమీటర్ల పైచిలుకు. అంత పొడవున కొండ లోపల రాయి ఎలా ఉందో ముందుగా ఎవరూ పూర్తిగా చెప్పలేరు. వదులు రాయో, నీటి ఊటో తగిలితే పని ఆగుతుంది, ఖర్చు మాత్రం ఆగదు. ఫిడిక్ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య నమూనా ఒప్పంద షరతుల పుస్తకాలు వేస్తుంది. అలాంటి పనికి ఒప్పందం ఫిడిక్ రెడ్ బుక్ పద్ధతిలో ఉంటే, అనుభవమున్న కాంట్రాక్టర్ కూడా ఊహించలేని పరిస్థితి ఎదురైనప్పుడు అదనపు గడువు, ఖర్చు అడగొచ్చు. అదే ఫిడిక్ సిల్వర్ బుక్ అయితే ఆ రిస్కు దాదాపు మొత్తం కాంట్రాక్టర్ నెత్తినే పడుతుంది. కొండ మారలేదు, రాయి మారలేదు. సంతకం పెట్టిన షరతులను బట్టి కోట్లు చేతులు మారతాయి.

వరదల సంగతీ అంతే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు దెబ్బతినడం మనందరం చూశాం. అలాంటప్పుడు ఫోర్స్ మెజూర్ (ఎవరి చేతిలోనూ లేని విపత్తు) క్లాజు కింద గడువు పెంచుతారు కానీ డబ్బు అంత తేలిగ్గా రాదు. జరిగిన పనికి, కొట్టుకుపోయిన సామానుకి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ బీమా పాలసీ ఉండాల్సిందే. పైగా నోటీసు టైముకి ఇవ్వాలి. 1999 రెడ్ బుక్‌లో ఫోర్స్ మెజూర్ నోటీసుకి 14 రోజులు, క్లెయిమ్ (అదనపు గడువు, ఖర్చు అడగడం) నోటీసుకి 28 రోజులే. ‘ఏఈ గారికి ఫోన్లో చెప్పాం సార్’ అంటే ఆర్బిట్రేషన్‌లో (మధ్యవర్తి ముందు విచారణలో) నిలబడదు.

పెనాల్టీ గురించి కూడా ఒక మాట, ఇది మీకే పనికొస్తుంది. అగ్రిమెంటులో 10 శాతం అని రాసినంత మాత్రాన 10 శాతం కోసేయడానికి లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది పైహద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమనిపించేంత పరిహారమే ఇప్పిస్తారు. నష్టమే జరగనప్పుడు పరిహారం లేదని కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి తెలిసినవాళ్లు కంపెనీకి ఎంత మిగులుస్తారో మీరే లెక్కేసుకోండి.

నన్నడిగితే, ఇంకో ఏడాది సైట్‌లో ఉండి వెళ్తే బాగుండేది. ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) ఎలా రాస్తారో, బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలియనివాళ్లు రాసిన క్లెయిమ్‌ని అవతలివాళ్లు సులువుగా కొట్టేస్తారు. అయితే అవకాశం మళ్లీ రాదనుకుంటే ఆపకండి. సైట్లకు పంపుతుండాలని, బిల్లింగ్ కూడా నేర్పాలని ముందే అడగమనండి.

చదువుకి తొందర లేదు. తర్వాత కావాలంటే నిర్మాణ రంగ మేనేజ్‌మెంట్ నేర్పే నిక్మార్ ఉంది, పుణేలోనూ హైదరాబాద్‌లోనూ. ఆర్బిట్రేషన్ వైపు మనసుపోతే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు, నెల్లూరులో వీఆర్ లా కాలేజీ ఉండనే ఉంది. కాకపోతే క్లాసులకు హాజరు తప్పనిసరి కాబట్టి ఉద్యోగంతో పాటు కుదరదు. ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు ఇప్పుడే వేలకు వేలు పోయకండి. ముందు ఇంగ్లిష్‌లో తడబడకుండా, కోపం కనపడకుండా ఒక పేజీ లెటర్ రాయడం రావాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి. పాత తేదీ వేసి లెటర్ తయారుచేయమనో, జరగని కొలతల మీద సంతకం పెట్టమనో ఎవరైనా అడిగితే ఒప్పుకోకూడదు. గొడవ కోర్టుకెక్కిన రోజున అడిగినవాళ్లు పక్కకు తప్పుకుంటారు, కాగితం మీద తన పేరే మిగులుతుంది.

ఈలోగా మీ బీరువాలో ఉన్న పాత అగ్రిమెంట్లు తనకివ్వండి. పెద్ద కంపెనీల నుంచి సబ్ కాంట్రాక్టుకి తీసుకున్న వర్క్ ఆర్డర్లుంటే ఇంకా మంచిది. ‘మాకు డబ్బులొచ్చాకే మీకిస్తాం’ అన్న షరతు చాలావాటిలో ఉంటుంది. డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ (లోపాలొస్తే మన ఖర్చుతో బాగుచేయాల్సిన గడువు) దాటిపోయినా తిరిగిరాని ఎఫ్‌ఎస్‌డీ మీకేదైనా ఉంటే, దానికి లెటర్ తననే రాయమనండి.