మందపు గోడల ఇంట్లో స్నానాల గది చెమ్మ గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. స్నానాల గదిలో ఉత్తరపు గోడ పైమూల నల్లగా బూజు పట్టడం, కిటికీ అంచున పొద్దుటికల్లా నీళ్లు నిలవడం చూస్తే ఇది గోడకు చెమట పట్టడమే అనిపిస్తోంది. అయినా ఊహతో సరిపెట్టుకోకుండా ముందు ఒక పరీక్ష చేయి. గోడను ఒకచోట పొడిగా తుడిచి, అరచేయంత అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయి. ఫాయిల్ పైన తడి కనిపిస్తే అది గదిలోని ఆవిరి. వెనుక తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోందన్నమాట. అప్పుడు పగిలిన వాన గొట్టమో, ఇటుకల మధ్య ఊడిపోయిన దర్జు సున్నమో, కారుతున్న పైపో వెతకాలి.

ఇంత మందపు గోడలు పెట్టుకుని చెమ్మ ఎందుకని అడిగావు. ఇంగ్లండులోని లీడ్స్‌లో మీ వీధి ఇళ్లలా 1919కి ముందు కట్టినవాటిలో ఎక్కువ భాగం తొమ్మిదంగుళాల నిండు ఇటుక గోడలవే, మధ్యలో ఖాళీ ఉండదు. బయటి గోడ వరుసల్లో ఇటుక పొడవు పక్కతో పాటు దాని తల, అంటే పొట్టి కొస, కూడా మార్చి మార్చి కనిపిస్తే మీదీ అటువంటిదే. మన ఊళ్లో తాతయ్యగారి ఇంటి గానుగ సున్నపు గోడలు మే నెల మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేవని నీకు గుర్తుండే ఉంటుంది. మందపు గోడ నిదానంగా వేడెక్కుతుంది కనుక అక్కడ అది వరమైంది. జనవరి నెల ఇంగ్లండులో అదే గుణం ఎదురు తిరుగుతుంది: నువ్వు పొద్దున్న అరగంట రేడియేటర్ వేస్తే గాలి వేడెక్కుతుంది గాని గోడ వేడెక్కదు.

ఇరవై డిగ్రీల గదిలో గాలి తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి చోటా నీరు చేరుతుంది. వేడినీళ్ల స్నానం తరువాత తేమ 90 శాతానికి చేరితే, 18 డిగ్రీల గోడ కూడా తడుస్తుంది. అందువల్ల ఆవిరి గోడను తాకకముందే దాన్ని బయటికి పంపడమే అసలు పని. తక్కినవన్నీ దాని తరువాతే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ విషయంలో పిసినారితనం వద్దు. ఇంగ్లండు భవన నిబంధనల ప్రకారం స్నానాల గది ఫ్యాన్ సెకనుకు 15 లీటర్ల గాలిని బయటికి పంపాలి. ఆ అంకె పెట్టె మీద ఉంటే చాలదు, గొట్టం పొడవై వంకరలు తిరిగితే సగం కూడా రాదు. నా మొదటి ఇంట్లో ఫ్యాన్ బిగించినతను గొట్టాన్ని బయటికి తీయకుండా అటకలోనే వదిలేశాడు. రెండు శీతాకాలాల తరువాత అటక ఎక్కి చూస్తే పైకప్పు దూలాలు తడిసి నల్లబడి ఉన్నాయి. కనుక నువ్వే స్వయంగా ఎక్కి చూడు. గొట్టం బయటికి తెరుచుకోవాలి, అటకలో సాగినంత మేరా దానికి చలి తగలని తొడుగు ఉండాలి. స్నానం ముగిశాక కనీసం పావుగంట ఫ్యాన్ తిరగాలి, తలుపు మూసే ఉంచాలి. అయితే లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ ఏమీ లాగలేదు, అందుకని తలుపు కింద సెంటీమీటరు సందు వదలాలి. తొట్టి నింపేటప్పుడు ముందు చన్నీళ్లు వదిలి ఆపైన వేడినీళ్లు కలుపు, ఆవిరి బాగా తగ్గుతుంది. స్నానం కాగానే గాజునూ టైల్సునూ రబ్బరు వైపర్‌తో తుడిస్తే ఆ నీరంతా గాలిలో కలవకుండా కాలువలోకి పోతుంది. తడి బట్టలు మాత్రం ఆ గదిలో ఆరేయకు.

రేడియేటర్‌ను అప్పుడప్పుడు గట్టిగా వేయడం కన్నా తక్కువ వేడితో ఎక్కువసేపు ఉంచడం మందపు గోడకు మంచిది. ఖర్చు కొంత పెరుగుతుందని తెలుసు, అయినా ఈ ఒక్క గది దగ్గర వెనకాడవద్దు.

బూజును పొడిగా గీకకు, దాని రేణువులు గాలిలో లేస్తాయి. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, బూజు చంపే మందుతో తడిపి తుడువు. బ్లీచ్ వాడితే అందులో మరే శుభ్రపరిచే ద్రవాన్నీ కలపవద్దు.

రంగు విషయంలో తొందరపడి నేను చేసిన తప్పు నువ్వు చేయకు. బూజు రాదని రాసి ఉన్న ప్లాస్టిక్ పూత ఒకటి తెచ్చి చెమ్మగోడ మీదే వేశాను. మరుసటి శీతాకాలానికి అది బొబ్బలెక్కి అట్టల్లా ఊడింది. పాత గోడకు తేమను పీల్చి మళ్లీ వదిలే స్వభావం ఉంది, దాని మీద సిమెంటు పూసినా ప్లాస్టిక్ రంగు వేసినా లోపలి తడి బయటపడే దారి మూసుకుపోతుంది. సున్నపు పూత మీద సున్నమో, తేమను ఆపని ఖనిజపు రంగో వేయించు. లోపలివైపు చలి ఆపే పలకలు వేయించాలనుకుంటే, సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలిచి చెక్కపీచు పలకల గురించి అడుగు. సందులు మిగిలేలా పలకలు బిగిస్తే వాటి వెనుక కంటికి కనబడని బూజు పెరుగుతుంది.

తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని ఆ గదిలో పెట్టు. స్నానమైన గంటకు అది 60 శాతం కన్నా కిందికి దిగుతోందో లేదో వారం రోజులు రాసిపెట్టుకుని, ఆ అంకెలనూ ఫాయిల్ ఫలితాన్నీ నాకు పంపు. అవి చూసేదాకా రంగు కొనకు.

మీ పెదనాన్న