డూవెల్ సీసా మూత తీసే ముందు: లూవెన్‌లో ఉన్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వచ్చే శనివారం మీ ఆరుగురు కూర్చుని బెల్జియన్ స్ట్రాంగ్ పేల్ ఏల్ (లేత రంగులో ఉండే ఘాటైన బెల్జియం బీరు) రకాలు వరసగా రుచి చూడాలనుకుంటున్నామని, ఏ సీసాలు కొనాలో, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. మంచి ఊళ్లోనే ఉన్నావు. ఆ బీర్లు పుట్టినచోటే తాగబోతున్నావు కాబట్టి సరుకు పాతదనో, ఎండదెబ్బ తిన్నదనో సాకు చెప్పడానికి వీల్లేదు.

ముందు ఒక సంగతి చెబుతాను. ఈ రకం బీరును నురగ చూసి గానీ, పళ్ల వాసన చూసి గానీ తేల్చకూడదు. మింగిన పది సెకన్లకు నోట్లో ఏం మిగిలిందో చూడాలి. 8.5 శాతం ఆల్కహాలు ఉండి కూడా నాలుక పొడిగా, కాస్త చేదుగా, ఇంకో గుక్క తాగుదామా అన్నట్టు ఉంటే బాగా చేసిన బీరు. పెదాలకు తీపి అంటుకున్నా, గొంతులో మంట నిలిచినా ఎక్కడో తేడా జరిగినట్టే.

ఆ పొడిదనం ఎలా వస్తుందో తెలిస్తే రుచి పట్టుకోవడం తేలిక. అంత ఘాటు ఒట్టి మాల్టుతోనే (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతోనే) తేవాలంటే బీరు పానకంలా చిక్కబడిపోతుంది. మాల్టు నుంచి దిగే చక్కెరల్లో కొన్నిటిని బీరును పులియబెట్టే ఈస్ట్ తినలేదు, అవి అలాగే మిగిలిపోతాయి. అందుకని లేత పిల్స్నర్ మాల్టుకు తోడు డెక్స్‌ట్రోజ్ లాంటి సాదా చక్కెర కలుపుతారు. దాన్ని ఈస్ట్ ఆనవాలు లేకుండా తినేసి ఆల్కహాలుగా, గ్యాసుగా మార్చేస్తుంది. నీళ్లను 1 అనుకుంటే, పులియక ముందు 1.070కి పైన ఉన్న సాంద్రత పులిశాక 1.010 దరిదాపులకు, కొన్నిట్లో ఇంకా కిందికి దిగుతుంది. చక్కెర వేశారు కాబట్టి తియ్యగా ఉంటుందని మీవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చక్కెర వేసింది తీపి తగ్గించడానికేనని చెప్పు.

ఈ కోవకు పెద్దదిక్కు డూవెల్. బ్రస్సెల్స్‌కూ యాంట్‌వర్ప్‌కూ మధ్య బ్రీన్‌డాంక్ అనే ఊళ్లో మూర్ట్‌గాట్ కుటుంబం 1871లో పెట్టిన బ్రూవరీలో (బీరు కాచే చోట) చేసే బీరు అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత స్కాట్లండ్ నుంచి ఈస్ట్ తెచ్చి విక్టరీ ఏల్ పేరుతో చేశారు. 1923లో డూవెల్ అని, అంటే దయ్యం అని, పేరు మార్చారు. అప్పట్లో అది ముదురు రంగు బీరు. ఇప్పుడు మనం చూసే లేత బంగారు రంగు 1970లో వచ్చింది. అది జనానికి నచ్చాక తక్కిన బ్రూవరీలూ అదే దారి పట్టి లూసిఫర్, జూడాస్, పిరాట్ అంటూ తమ బీర్లకు వెతికి వెతికి చెడ్డ పేర్లే పెట్టుకున్నాయి. పేరు చూసి మోసపోకు. కొన్నిట్లో దయ్యం లేబుల్ మీదే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

ఇక కొనాల్సినవి. డూవెల్, 8.5 శాతం. మెల్లే ఊరి హైగె బ్రూవరీ వాళ్ల డెలీరియం ట్రెమెన్స్, అదీ 8.5. ఆర్డెన్స్ కొండల నుంచి వచ్చే లా షూఫ్, 8 శాతం, ఇందులో ధనియాలు పడతాయి. ఎర్ట్‌వెల్డేలో చేసే పిరాట్, 10.5. వీటి పక్కన చుట్టంగా వెస్ట్‌మాల్ ట్రిపెల్, 9.5 శాతం. అది సన్యాసుల మఠంలో చేసే, ట్రిపెల్ అనే ఇంకో రకం ఘాటైన బీరు, కోవ వేరు. కానీ పక్కన పెట్టి చూస్తే గానీ డూవెల్ అంటే ఏమిటో తెలియదు. అన్నీ 33 సెంటీలీటర్ల సీసాలే తీసుకో, రకానికి రెండు చొప్పున. ఒక్కో సీసా ముగ్గురికి, మనిషికి నూరు మి.లీ. సరిపోతుంది. వీటికి తోడు మీ ఊరి మామూలు బీరు స్టెల్లా ఒక్క సీసా. అదెందుకో తర్వాత చెబుతాను.

షాపులో కిటికీ దగ్గర, ట్యూబులైట్ కింద నిలబెట్టిన సీసా తీసుకోవద్దు. వెలుతురు తగిలితే, బీరుకు చేదు కోసం వేసే హాప్స్ పూలలోని చేదు పదార్థం విరిగి కుళ్లు వాసన పుడుతుంది. గోధుమ రంగు గాజు కొంత ఆపుతుంది, ఆకుపచ్చ గాజు దాదాపు ఆపదు. డెలీరియం సీసా మీద తెల్లటి పూత ఉంటుంది కాబట్టి దానికి ఆ బెడద లేదు. కాకపోతే లోపల మడ్డి ఎక్కడిదాకా వచ్చిందో బయటికి కనపడదు, వంచేటప్పుడు చెయ్యే కనిపెట్టుకోవాలి.

మడ్డి అన్నది ఈస్టే. ఈ బీర్లు సీసాలో ఇంకోసారి పులుస్తాయి. డూవెల్‌ను సీసాలో పోశాక 24 డిగ్రీల వెచ్చటి గదిలో రెండు వారాలు, తర్వాత చల్లటి గదిలో ఆరు వారాలు ఉంచుతారు. మొదటి నుంచి లెక్కేస్తే 90 రోజులు. స్టెల్లా లాంటి మామూలు లాగర్‌లో లీటరుకు 5 గ్రాముల గ్యాసు ఉంటే ఇందులో 8 దాకా ఉండేది అందుకే. గురువారమే సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టు. పడుకోబెడితే మడ్డి పక్క పొడుగునా పరుచుకుని, వంచగానే గ్లాసులోకి వస్తుంది. తెచ్చిన రోజే తీస్తే కదిలిన గ్యాసు బుసబుసమని సగం బీరు బల్ల మీదికి పోతుంది. అయినా మొదటి మూత సింకు దగ్గరే తియ్యి.

తాగే ముందు పావుగంట, ఇరవై నిమిషాలు బయట పెట్టు. 6, 7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, గ్లాసులోనే 11, 12 దాకా వేడెక్కనివ్వాలి. ఫ్రిజ్‌లోంచి తీసీ తియ్యగానే తాగితే గ్యాసూ చేదూ తప్ప ఏమీ తెలియదు. పదమూడు దాటితే ఆల్కహాలు మిగతా వాసనలన్నిటినీ తొక్కేస్తుంది.

సగం పార్టీలు చెడేది గ్లాసుల దగ్గర. జిడ్డు గానీ సబ్బు గానీ పిసరంత మిగిలినా నురగ నిలబడదు. బజ్జీలు వేయించిన చేత్తో తోమిన గ్లాసు పనికిరాదు. వేణ్నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టు, గుడ్డతో తుడవకు. అనుమానంగా ఉంటే లోపల తడి చేసి ఉప్పు చల్లు. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, ఉప్పు నిలవని మచ్చలు కనిపిస్తే అక్కడ జిడ్డుంది. పొయ్యబోయే ముందు చన్నీళ్లతో ఒకసారి తొలుపు, అక్కడి బార్లలో చేసేదీ అదే. తులిప్ పువ్వు ఆకారం గ్లాసులు దొరికితే సరే, లేదంటే పైన కాస్త ముడుచుకున్న వైన్ గ్లాసులు చాలు. నూరు మి.లీ.కి కనీసం 250 మి.లీ. పట్టే గ్లాసు కావాలి, నురగ అంత ఎత్తు లేస్తుంది. డూవెల్ వాళ్ల సొంత గ్లాసు అడుగున గాజు మీద ఒక అక్షరం గీసి ఉంటుంది. ఆ గరుకు దగ్గరి నుంచి బుడగలు ఎడతెగకుండా లేచి నురగను నిలబెడతాయి. అడుగు నుంచి బుడగలు రావాలి గానీ పక్క గోడలకు అంటుకుని కూర్చుంటే అది మురికి.

ఒక సీసా ముగ్గురికి పంచడంలో చిక్కుంది. ఒక గ్లాసులో పోసి, సీసా నిలబెట్టి, మళ్లీ వంచితే ప్రతిసారీ మడ్డి లేస్తుంది. మొదటివాడికి తేటగా, మూడోవాడికి మబ్బుగా వస్తుంది. ఇక ఇద్దరూ తాగింది ఒకే బీరు కాదు, పోట్లాట అనవసరం. మూడు గ్లాసులూ అంచులు తగిలేలా దగ్గరగా పెట్టి, వంచిన సీసాను మళ్లీ ఎత్తకుండా, సన్నటి ధారగా ఒకదాని నుంచి ఇంకోదానికి జరుపుతూ పొయ్యి. అడుగున వేలెడు మందంలో సగం మిగలగానే ఆపు. ఆ మిగిలింది ఎవరైనా విడిగా రుచి చూడొచ్చు, రొట్టెపిండిలా ఉంటుంది.

నురగ కాస్త దిగాక ముక్కు పెట్టు. గట్టిగా ఒకేసారి కాదు, చిన్నగా రెండు మూడుసార్లు. పండిన బేరిపండు, నారింజ తొక్క, కొంచెం మిరియం, లవంగం. ఇవేవీ బయటి నుంచి వేసినవి కావు, ఈస్ట్ చేసిన పని. వెనకాల పూల వాసన హాప్స్‌ది, డూవెల్‌లో చెక్ దేశపు సాజ్, స్లొవేనియా స్టిరియన్ గోల్డింగ్ రెండూ పడతాయి. తర్వాత గుక్కెడు నోట్లోకి తీసుకుని నాలుక మీద తిప్పి మింగు. వైన్ రుచి చూసేవాళ్లలా ఉమ్మితే లాభం లేదు, చేదు గొంతు దగ్గర తేలుతుంది. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదులు, వాసన రెండోసారి వస్తుంది. ఇక పది లెక్కపెట్టి, మిగిలింది ఏమిటో చూడు.

ప్రతి బీరుకూ రెండు నిమిషాలు ఎవరూ నోరెత్తకూడదు, ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. ఒకడు అరటిపండు అన్నాడంటే ఐదుగురికీ అరటిపండే వస్తుంది. "బాగుంది", "సూపర్" అని రాస్తే కొట్టెయ్యమను. ఏ పండు, పచ్చిదా మగ్గిందా, చేదు ఎంతసేపు ఉంది, తీపి మిగిలిందా లేదా, అవి రాయాలి.

వరస ఇలా పెట్టుకో. ముందు స్టెల్లా, మనిషికి రెండు గుక్కలు. రంగు దాదాపు డూవెల్‌దే, ఆల్కహాలు 5 శాతం చుట్టుపక్కల. వెంటనే డూవెల్. ఒకే రంగులో ఉన్న ఈ రెండిటికీ మధ్య తేడా ఎంతో అప్పుడే తెలుస్తుంది. తర్వాత డెలీరియం, అది కాస్త తీపి వైపు, పళ్ల వాసన ఎక్కువ. ఆ తర్వాత లా షూఫ్. ధనియాలు నోట్లో ఆగుతాయి కాబట్టి దాన్ని ముందుకు తేవద్దు. అప్పుడు వెస్ట్‌మాల్. దీని దగ్గర తొందరపడొద్దు, కొంచెం డూవెల్ దాచి ఉంచి పక్కపక్కన తాగండి. వెస్ట్‌మాల్ రంగు ఒక చాయ ముదురు, లవంగపు ఘాటు ఎక్కువ, నోటి నిండా గుండ్రంగా తగులుతుంది. డూవెల్ సన్నగా, సూటిగా పోతుంది. ఆఖరున పిరాట్. 10.5 దగ్గర కూడా ముగింపు పొడిగా ఉంచడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది. అందులో తీపి మిగులుతుంది, నాకైతే ఒక గ్లాసు చాలు. నీకు నచ్చితే నచ్చిందనే రాసుకో.

తేడా సరుకు పట్టుకునే గుర్తులు కొన్ని. వెన్న వాసన వస్తే ఈస్ట్ పని పూర్తిచెయ్యక ముందే చల్లబరిచారని. పచ్చి ఆపిల్ కోసినట్టుంటే బీరు ఇంకా మగ్గలేదని. నెయిల్ పాలిష్ వాసన, గొంతులో మంట ఉంటే పులిసేటప్పుడు వేడి అదుపు తప్పిందని. తడిసిన అట్టపెట్టె వాసన పాతబడ్డదానికి గుర్తు, గాలీ వేడీ కలిసి చేసేది. దొడ్లో బీరు కాచే మీ స్నేహితుడికి ఎక్కువగా వచ్చేది మూడోది. మొదటి రోజే 28 డిగ్రీలకు ఎక్కనివ్వొద్దని చెప్పు. 18 దగ్గర మొదలెట్టి, జోరు తగ్గుతున్నప్పుడు మెల్లగా పెంచాలి.

తిండి సంగతి. రుచి చూస్తున్నంతసేపూ ఉప్పులేని రొట్టె, మంచినీళ్లు, అంతే. ఆవకాయ, మిరపకాయ బజ్జీ బయటికి తియ్యొద్దు. కారం మీద ఇంత గ్యాసు పడితే మంట రెట్టింపవుతుంది, ఇంక ఏ బీరైనా ఒకటే. వంటింట్లో తాలింపు, గదిలో అగరుబత్తి కూడా వద్దు. పని అయ్యాక అక్కడి కెఫేల పద్ధతిలో చీజ్ ముక్కలు, ఆవాల ముద్ద, సెలరీ ఉప్పు పెట్టుకోండి. కారం వెయ్యని గారెలు, చేప వేపుడు భేషుగ్గా ఉంటాయి, నూనెను గ్యాసు కడిగేస్తుంది.

లెక్క కూడా చూసుకో. నేను చెప్పిన కొలతల్లో మనిషికి దాదాపు 37 గ్రాముల ఆల్కహాలు పడుతుంది, మూడు స్టెల్లా సీసాలకు కాస్త తక్కువ. బెల్జియంలో హద్దు లీటరు రక్తానికి 0.5 గ్రాములు, సైకిలు తొక్కేవాడికీ అదే. ఎవరినీ సైకిలు మీద పంపకు.

ఇది కుదిరాక ఇంకో శనివారం మూడు గ్లాసుల పరీక్ష పెట్టు. ఒక డూవెల్ సీసాను మడ్డి కదలకుండా, ఇంకోదాన్ని బల్ల మీద మెల్లగా దొర్లించి మడ్డి కలిపి, వేరువేరు జగ్గుల్లో పొయ్యి, నురగ దిగనివ్వు. మనిషికి మూడు స్టీలు గ్లాసులు, 30 మి.లీ. చొప్పున. రెండిట్లో ఒకటి, మూడోదాంట్లో రెండోది. ముగ్గురికి తేట రెండు గ్లాసులు, ముగ్గురికి మడ్డిది రెండు గ్లాసులు. స్టీలు కాబట్టి రంగు తెలియదు. మూడిట్లో వేరుగా ఉన్న గ్లాసు ఏదో ఒక్కొక్కరూ చెప్పాలి. గుడ్డిగా చెప్పినా ఆరుగురిలో ఇద్దరు సరిగ్గా చెబుతారు, నలుగురు చెప్పినా అదృష్టం కావచ్చు. ఐదుగురు చెబితే తేడా నిజంగా తెలుస్తున్నట్టు.

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చేటప్పుడు తెస్తానన్నావు. మనిషికి రెండు లీటర్లదాకా సుంకం లేదు, 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు పడతాయి. చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టు. తెచ్చాక రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా ఉంటే గానీ తియ్యం, కాబట్టి దిగిన సాయంత్రమే అడగొద్దని మీ బాబాయికి ముందే చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య